కాలి కింద ముక్క

పెట్టె మీద బొమ్మ ఉండదు.
మా సంఘం నియమం అది.
అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడానికి
మీరేమైనా పసిపిల్లలా అంటుంది కార్యదర్శి హెప్సిబా,
ఎనభై రెండేళ్ల మనిషి.

ఆరువందల చెక్కముక్కలు.
ఎవరో సన్న రంపంతో ఒక్కొక్కటే కోసినవి.
రంగు మారేచోటే కోత నడిపాడు మహానుభావుడు,
ఇక రంగును నమ్ముకుని లాభం లేదు.
నడుమ నడుమ ఒక నక్క, ఒక గొడుగు, ఒక తాళంచెవి,
అతగాడి చిలిపితనం.

పోస్టులో పెట్టె వస్తుంది.
ముక్కల కంటే ముందు చీటీలు చదువుతాను.

"బెడోస్, లడ్లో. పదకొండు గంటల నలభై నిమిషాలు.
గొడుగును కుక్క మింగింది. మర్నాడు దొరికింది. కడిగాను."

"మార్‌వుడ్, స్కార్‌బరో. ముప్ఫై ఏడు రోజులు.
చెయ్యి వణుకుతోంది, ఏమీ అనుకోకండి."

"పెన్‌హేల్, ట్రూరో. రెండు రాత్రులు.
ఒక ముక్క లేదు. పిల్లవాడి కాలి కింద."

అక్కణ్ణుంచి పదకొండేళ్లుగా
ఏ ఊరి చీటీ చూసినా అదే మాట:
పిల్లవాడి కాలి కింద లేదు.
కుక్కదే పని అని అందరం తీర్మానించుకున్నాం.

మా హల్ రేవులో ఆ వారమంతా వాన.
భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి
మూడు రాత్రులు ఆకాశం పేర్చాను.
నాలుగో రాత్రి అందులో ఒక స్కేటు మొలిచింది.
ఆకాశం కాదది, మంచు.
గడ్డకట్టిన కాలువ, ఎప్పటిదో డచ్చి చలికాలం,
మూటతో ఒక ముసలమ్మ, జారిపడ్డ ఒక పెద్దమనిషి,
గాలిలోకి లేచిన అతని టోపీ.
ఓ మూల ఎర్ర మేజోళ్ల పిల్లవాడు
ఒంటికాలి మీద నవ్వుతూ వస్తున్నాడు,
కాలి కింద నా దుప్పటి గళ్లు కనిపిస్తున్నాయి.

పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

ముప్ఫై నాలుగేళ్లు కట్టుడుపళ్లు చేశాను నేను.
ఈ రేవులో సగంమంది జాలరుల నవ్వు నా చేతిపనే.
పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైనా చాలు గానీ,
పెట్టుకోడానికి వెంట్రుకవాసి తేడా పనికిరాదు.
ఎక్కువైతే గుచ్చుతుంది, తక్కువైతే ఊగుతుంది,
సరిపోతే
మనిషి దాన్ని మరిచిపోయి రొట్టె కొరుకుతాడు.

లేచి, ఆ ఖాళీకి మైనంతో అచ్చు తీశాను.
పాత చుట్టల పెట్టెలోంచి పలక కోశాను.
ఇక రంగు.
అటక మీది ఛాయల పట్టీ దించాను,
పదహారు పళ్లు, పదహారు తెలుపులు.
పెళ్లికూతురి తెలుపు మంచుకు నప్పలేదు.
పాదిరిగారి తెలుపూ నప్పలేదు.
చివరికి కుదిరింది
నలభై ఏళ్లు పైపు కాల్చినవాడి ముందుపన్ను రంగు,
అంచున కాస్త బూడిద, లోపల కాస్త తేనె.

చిన్న చప్పుడుతో కూర్చుంది.
పిల్లవాడు ముందుకు సాగాడు. అలా అనిపించింది.

చీటీ మీద ఇంతే రాశాను:
"ప్లాక్స్‌టన్, హల్. ఆరు రాత్రులు. ముక్కలన్నీ ఉన్నాయి."
మొత్తం చెదిపి, సంచిలో పోసి,
లీడ్స్ చిరునామా రాసి పంపేశాను.
నాలుగు వందల ఏళ్లు చెక్కుచెదరని కాలువను
మా ఇంట్లో అరనిమిషంలో పిండి చేస్తాం.

రెండేళ్లకు చుట్టు తిరిగి పెట్టె మళ్లీ నా గుమ్మానికి వచ్చింది.
అడుగున ఒక చీటీ, వేరెవరి చేతిరాతో:

"మార్‌వుడ్, స్కార్‌బరో. అమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను.
ముక్క అప్పట్లోనే నా కోటు అస్తరులో దొరికింది.
వణికే చెయ్యి అని మీరంతా అప్పటికే జాలిపడుతున్నారు,
ఇంకా జాలి నాకు వద్దనిపించింది.
ఈసారి దాన్ని తిరిగి పెడదామనుకున్నాను.
మా అమ్మాయి బొమ్మ పేరుస్తుంటే చూశాను.
హల్ పెద్దమనిషీ, మీ మంచు గట్టిగానే ఉంది.
నాది నా దగ్గరే ఉంచుకుంటున్నాను."

కింద, గీత కొట్టి, మరో వాక్యం:
"బెడోస్ గారికి చెప్పండి, కుక్క తప్పేమీ లేదని."

ఫోన్ చేశాను లడ్లోకి.
ఆ కుక్క పోయి ఆరేళ్లయిందట.
దాని పేరు అడిగాను.
బిస్కట్, అందామె, కాసేపాగి.